కాఫీ ఫిల్టర్లతో చిహూలీ గాజు పాఠం: చాన్నాళ్లు వాడాక మా సమీక్ష

అమెరికా ఎలిమెంటరీ బడుల్లో ఊదిన గాజు శిల్పం (కరిగిన గాజును గొట్టం కొనకు చుట్టి ఊది చేసేది) గురించి చెప్పాలంటే చాలామంది టీచర్లు ఎంచుకునేది ఈ పాఠమే. తెల్ల కాగితపు కాఫీ ఫిల్టర్ మీద మార్కర్లతో రంగులు వేసి, గంజి చల్లి, బోర్లించిన గ్లాసు మీద ఆరబెడతారు. మర్నాటికి అమెరికన్ గాజు కళాకారుడు డేల్ చిహూలీ 1981లో మొదలుపెట్టిన మాకియా అనే గాజు గిన్నెల్లాగా అలల అంచుతో రంగురంగుల గిన్నె తయారవుతుంది. సియాటిల్ చుట్టుపక్కల బడుల్లో వలంటీర్లుగా ఆర్ట్ చెప్పే తెలుగు తల్లిదండ్రులకు ఇది బాగా ఉపయోగపడుతుంది. చిహూలీ పుట్టిన టకోమా పక్కనే ఉంది కాబట్టి పిల్లలు అసలు గాజును కూడా చూడగలరు.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా వాడి చూశాక మా అభిప్రాయం ఇది: రంగు, ఆకారం నేర్పడానికి ఇంత చవకైన, నమ్మకమైన పాఠం ఇంకోటి లేదు. గాజు గురించి మాత్రం ఇది దానంతటది ఏమీ నేర్పదు. ఆ భాగం మనం కలపాల్సిందే.

ముందు సామాను. పిల్లకు రెండు ఫిల్టర్లు, అడుగు చదునుగా ఉండి చుట్టూ మడతలున్న రకం. కోను ఆకారంవి పనికిరావు. గోధుమరంగువి వద్దు, వాటి మీద రంగు మసకబారిపోతుంది. మార్కర్లు నీళ్లతో కడిగితే పోయే రకమే కావాలి; చెరగని మార్కర్ ఇంకు నీటికి కదలదు, కాబట్టి రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకవు. ఆ గుణాన్ని ఒక్కచోట వాడుకోవచ్చు. మాకియా గిన్నె పెదవి చుట్టూ వేరే రంగు గాజుపోగు చుట్టి ఉంటుంది కదా, ఫిల్టర్ అంచుకు చెరగని మార్కర్‌తో గీత గీస్తే ఆ పోగు స్పష్టంగా నిలుస్తుంది. పేరు అడుగున పెన్సిల్‌తో రాయించండి. మార్కర్‌తో రాస్తే తడికి కరిగి, ఎవరిది ఏదో తెలియదు.

గంజి అంగట్లో సీసాలో దొరికేదైతే నీళ్లు కలపకుండా వాడాలి. ఇంట్లో చేసుకోవాలంటే ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌ను పావు కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, రెండు కప్పుల మరిగే నీళ్లలో పోస్తూ నిమిషం పాటు తిప్పి, చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే స్ప్రే మూతి మూసుకుపోతుంది. అన్నం గంజి వద్దు: మెతుకు తునకలు అడ్డం పడతాయి, చీమలూ పడతాయి. పని అయిన రోజే స్ప్రేను వేడినీళ్లతో కడిగేయండి.

చేసే పద్ధతి చెప్తాను. ఫిల్టర్‌ను చదును చేసి వలయాలుగా రంగు వేయిస్తాం, వలయానికీ వలయానికీ మధ్య వేలెడు తెలుపు వదిలి. ఇంకు ఆ తెల్లచోటులోకే పాకుతుంది. అది వదలకపోతే అంతా కలిసి బురదరంగు అవుతుంది. ఎరుపూ ఆకుపచ్చా, నారింజా నీలమూ పక్కపక్కన పడ్డా ఇదే గతి. అందుకే ఒక్కో పిల్లకు వర్ణచక్రంలో పక్కపక్కనుండే మూడు రంగులే ఇవ్వండి. ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి (కాగితం గ్లాసైతే అతుక్కుంటుంది) దానిమీద ఫిల్టర్ పెట్టి, జానెడు దూరం నుంచి ఎనిమిది పది సార్లు చల్లాలి. కాగితం బరువెక్కి తనంతట తనే జారుతుంది. అప్పుడు అంచును రెండుమూడు చోట్ల నొక్కితే చాలు. రాత్రంతా కదపకూడదు, తడిగా ఉండగా తీస్తే అడుగు చిరుగుతుంది.

ఆ జారడమే పాఠంలో గాజుకు దగ్గరగా వచ్చే ఘట్టం. చిహూలీ బృందం కూడా గిన్నె మూతిని వేడిచేసి, వేగంగా తిప్పి, గురుత్వానికి వదిలేసి ఆ అలలు తెప్పిస్తుంది. ఈ మాట చల్లుతున్నప్పుడే చెప్పండి. తర్వాత చెప్తే అంటదు.

రెండో ఫిల్టర్ ఎందుకంటే, మాకియాలో లోపలి రంగుకూ బయటి రంగుకూ మధ్య తెల్ల గాజుపొర ఉంటుంది, అందుకే రెండూ కలవవు. ఒకే కాగితంలో అది సాధ్యం కాదు. వేరువేరు రంగుల్లో రెండు ఆరబెట్టి ఒకదాంట్లో ఒకటి దించితే పెద్ద తరగతుల పిల్లలకు ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

ఇక మనం కలపాల్సింది. వేడి, ఊపిరి, బృందం: ఈ మూడూ కాగితంలో లేవు. వేడికి తేనె వాడండి. పుల్లకు తేనె చుట్టి తిప్పుతుంటే నిలుస్తుంది, ఆపగానే కారుతుంది. సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ కొలిమిలోంచి తీసిన గాజుతో ఊదుడు గొట్టాన్ని ఎందుకు ఆపకుండా తిప్పుతారో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఊపిరికి సబ్బు బుడగ సరిపోతుంది. స్ట్రా మాత్రం ఎవరిది వారికే. ఆ తర్వాత గాజును ఓవెన్‌లో గంటలకొద్దీ నెమ్మదిగా చల్లార్చకపోతే పగులుతుందని కూడా చెప్పాలి, ఈ ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు.

బృందం గురించి చెప్పకుండా చిహూలీ పాఠం పూర్తి కాదు. 1976 కారు ప్రమాదంలో ఆయన ఎడమకంటి చూపు పోయింది. 1979లో భుజం దెబ్బతిన్నాక గొట్టం పట్టడం మానేసి, బొమ్మలు గీసి తన ఊహను బృందానికి చూపిస్తూ చేయించారు. కాబట్టి పిల్లలను జతలు చేసి, ఒకరు గీసిన బొమ్మను ఇంకొకరు ఫిల్టర్‌గా చేయమనండి. గీసిన పిల్ల నోటితో చెప్పొచ్చు, చెయ్యి పెట్టకూడదు. పాఠం మొత్తంలో అన్నిటికన్నా విలువైన ఇరవై నిమిషాలు ఇవే. టకోమా మ్యూజియం ఆఫ్ గ్లాస్ చిన్నపిల్లల బొమ్మలను నిజంగా గాజులో చేయించే కార్యక్రమం నడిపింది. ఆ ఫొటోలు చూపిస్తే జతపని ఎందుకో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

కొందరు ఫిల్టర్లకు బదులు అడుగున 6 అని గుర్తున్న ప్లాస్టిక్ కప్పులను ఓవెన్‌లో ముడుచుకునేలా చేస్తారు. అందంగా వస్తాయి, మెరుపు కూడా గాజుకు దగ్గర. కానీ ఆ ప్లాస్టిక్ పాలిస్టైరిన్, వేడికి ఘాటైన వాసన వస్తుంది. బడిగదిలో వద్దనే మా గట్టి సలహా.

మన్నిక తక్కువే. కిటికీ ఎండ తగిలితే కొద్ది వారాల్లో రంగు వెలిసిపోతుంది. వానాకాలపు తేమకు అంచులు వాలిపోతాయి, మళ్లీ గ్లాసు మీద పెట్టి గంజి చల్లితే రంగు మరికాస్త పాకుతుంది కానీ ఆకారం తిరిగొస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయాలనుకునేవారికి ఈ ఫిల్టర్లు దుకాణాల్లో అంత తేలిగ్గా దొరకవు. ల్యాబ్ సామాను అమ్మేచోట గుండ్రటి ఫిల్టర్ పేపర్, ఉన్నవాటిలో పెద్ద సైజుది అడగండి. మందంగా ఉంటుంది కాబట్టి గంజి రెట్టింపు చల్లాలి, మడతలను చేత్తోనే వేయాలి.