పికప్ ముందు చక్రాలకు బ్రేక్ ప్యాడ్లు మార్చాక వచ్చిన తేడా: మూడు రకాల ప్యాడ్లు వాడాక నా మాట

మదనపల్లె మండీలో టమాటా ఎత్తి తిరుపతిలో దించే బండి నాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ పికప్. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ప్యాడ్లు రెండు పక్కలా డిస్క్‌ని నొక్కి ఆపేవి. వెనక డ్రమ్ బ్రేకులు, లోపలి లైనర్లు డ్రమ్‌కి ఒత్తుకుని ఆపేవి. నా చేతికి వచ్చాక దీనికి మూడు రకాల ముందు ప్యాడ్లు వేశాను: కంపెనీవి, బజారులో సగం ధరకు దొరికేవి, ఈ రెండింటి మధ్య రకం. ఇప్పుడు మళ్లీ కంపెనీవే నడుస్తున్నాయి. ఏది మంచిదని అడిగితే కంపెనీవే అంటాను. కానీ ప్యాడ్లు మార్చాక వచ్చిన తేడాల్లో సగానికి పైగా ప్యాడ్లకు సంబంధం లేనివి. అందుకే ప్యాడ్ల గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ రాస్తున్నా.

చవక రకం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. మైదానంలో బాగానే పట్టాయి. లోడుతో భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు మాత్రం వాసన వచ్చేది, కింది మలుపులకు వచ్చేసరికి పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగడం తగ్గేది. ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలేస్తే అలాగే ఉంటుంది. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే అది వేరే జబ్బు, బ్రేక్ ఆయిల్ మరుగుతోందని అర్థం. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. అందుకే ఘాట్ బండికి డాట్ 4 పోయించి, రెండేళ్లకోసారి మొత్తం మార్పిస్తున్నా. ఇంజిన్ ఆయిల్ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా దీని మీద ఎవరూ పెట్టరు.

ప్యాడ్లు మార్చిన రోజే ఎక్కువమంది చెప్పే కంప్లయింట్, పెడల్ కిందికి పోతోందని. ఆయిల్ లైన్‌లో గాలి చేరిందని వెంటనే "ఎయిర్ తీయాల" అంటారు. ప్యాడ్లు మార్చడానికి ఆయిల్ లైన్ విప్పే పనే లేదు, మరి ఎయిర్ ఎక్కడినుంచి వస్తుంది? కొత్త ప్యాడ్లు పట్టడానికి, వాటిని నెట్టే పిస్టన్‌ని వెనక్కి నొక్కి ఉంటారు కాబట్టి, బండి కదిలే ముందు పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి ప్యాడ్లను డిస్క్ దగ్గరకు తేవాలి. అయినా పెడల్ బాగా లోపలికి పోయాకే బ్రేకు పడుతూ, రెండోసారి తొక్కితే పైకి వస్తోందంటే వెనక డ్రమ్ములు చూడండి. లైనర్లు అరిగి, డ్రమ్‌కి మధ్య సందు పెరిగి ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ చాలా పళ్లు ఎక్కితే గానీ పట్టకపోవడం దానికి గుర్తు. ఆ సందు తగ్గించే అడ్జస్టర్ బిగించాక నా బండిలో పెడల్ చక్కగా పైకి వచ్చింది. ఆయిల్, గాలి బయటికి వదిలే నిప్పుల్ ఎవరైనా విప్పి ఉంటే మాత్రం ఎయిర్ తీయాల్సిందే.

బండి ఒక పక్కకు లాగడం ఇంకోటి. బ్రేక్ తొక్కినప్పుడు ఎడమకు లాగుతుంటే ఎడమ చక్రం విప్పుతారు. నిజానికి ఎడమ చక్రం బాగానే పడుతోంది, సరిగ్గా పట్టనిది కుడిది. బ్రేక్ తొక్కకుండానే లాగుతుంటే అప్పుడు లాగే వైపు చక్రమే జామ్ అయి ఉండొచ్చు. మధ్య రకం ప్యాడ్లు వేసిన కాలంలో నాకు వచ్చింది ఇదే. ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కి నొక్కే కాలిపర్, స్లైడ్ పిన్ మీద అటూ ఇటూ జరగాలి. కుడి కాలిపర్‌కి ఆ పిన్ ఎండిపోయి కదలడం లేదు. విప్పి చూస్తే లోపలి ప్యాడ్ బాగా అరిగింది, బయటిది దాదాపు కొత్తది. పిన్ శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయిస్తే సరిపోయింది. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి, మెకానిక్ డబ్బా ఎత్తేలోపే చెప్పండి. ఇంకోమాట, కాలిపర్‌ని రబ్బరు పైపు మీద వేలాడదీయనివ్వకండి, తీగతో కట్టమనండి. పైపు లోపలి పొర దెబ్బతింటే ఆయిల్ వెళ్తుంది గానీ వెనక్కి రాదు, చక్రం పట్టేసే ఉంటుంది.

బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంటే చాలాచోట్ల డిస్క్‌ని లేత్ మీద పెట్టి చెక్కిస్తారు. దానికన్నా ముందు డిస్క్ విప్పి, హబ్ మీది తుప్పు గీకించి, చక్రం నట్లు ఎదురెదురుగా సమానంగా బిగించి చూడండి. లేత్ తప్పకపోతే డిస్క్ మీదే ఉండే కనీస మందం అంకె చూసుకోండి, అంతకన్నా పలచబడితే డిస్క్ మార్చడమే.

ఇక నా బండి అసలు రోగం. ఏ ప్యాడ్లు వేసినా తొందరగా అరిగిపోయేవి. ప్యాడ్ల క్వాలిటీ అనుకుంటాం కదా, అందరం అదే అన్నాం. గన్‌లాంటి థర్మామీటర్ ఒకటి కొని, లోడుతో ఘాట్ దిగి రంగంపేట దగ్గర ఆపి చూశాను. ముందు డిస్కులు కాలిపోతున్నాయి, వెనక డ్రమ్ములు ఊరికే గోరువెచ్చగా ఉన్నాయి. ఇంత లోడులో వెనకవి అలా ఉండకూడదు.

ఇలాంటి బండ్లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక వాల్వ్ ఉంటుంది, ఒక కడ్డీతో ఇరుసుకు కలిపి. లోడు పడి బండి కిందికి దిగితే వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది, ఖాళీ బండికి వెనక చక్రాలు లాక్ అవకుండా తగ్గిస్తుంది. పాత ఓనరు ఎక్కువ లోడు కోసం వెనక అదనంగా కమాన్ పట్టీలు వేయించాడు. దాంతో లోడు వేసినా బండి పెద్దగా దిగదు. బండి ఎప్పుడూ ఖాళీయే అని ఆ వాల్వ్ లెక్క! టమాటా అంతటినీ ముందు రెండు డిస్కులే ఆపుతున్నాయి.

"ప్యాడ్లు కొత్తవి కదన్నా, పోను పోను అదే సెట్ అయితాది" అని మా మెకానిక్ అప్పటిదాకా అంటూ వచ్చాడు. అదనపు పట్టీలు తీయించి, వాల్వ్ కడ్డీని గేజ్ పెట్టి సెట్ చేయించాక ఆ మాట ఆగింది. లోడు తగ్గింది, ఒక్కో ట్రిప్పుకు వచ్చే డబ్బూ ఆ మేరకు తగ్గింది. ఆ నష్టం నాకు సమ్మతమే. పట్టీలు ఉంచుకునే పనైతే వాల్వ్ కడ్డీ మాత్రం తప్పకుండా సెట్ చేయించుకోండి. కడ్డీని తీగతో పైకి కట్టేసే చిట్కా ఒకటి నడుస్తోంది, దాని జోలికి పోవద్దు. వానలో ఖాళీ బండి వెనక భాగం తిరిగిపోతుంది.

ఇప్పుడున్న కంపెనీ ప్యాడ్లు వేశాక 50 కిలోమీటర్ల స్పీడు నుంచి 15కు, పూర్తిగా ఆపకుండా, మధ్య మధ్య చల్లారనిస్తూ ఓ పదిసార్లు తగ్గించి ప్యాడ్లను డిస్క్‌కి సెట్ చేశాను. ముందటి సెట్ ఇంత దూరం నడిచేసరికి అరిగిపోయింది, ఇవి ఇంకా సగం పైనే ఉన్నాయి. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి బ్రేకుకు కీచుమంటాయి, డిస్క్ మీది సన్న తుప్పు అది. ఊరు దాటేలోపు పోతుంది కాబట్టి దాన్ని పట్టించుకోవడం మానేశాను.