ఆరేళ్లు వాడాక సాలిడ్‌వర్క్స్: పెద్ద అసెంబ్లీ తెరిచినప్పుడే అసలు సంగతి

ఒడిశాలోని రాయగడలో మాది నలుగురం పనిచేసే చిన్న డిజైన్ ఆఫీసు. కాగితం మిల్లులకు, ఫెర్రో అల్లాయ్ ప్లాంట్లకు కన్వేయర్లు, హాపర్లు, స్క్రూ ఫీడర్లు గీసి ఇస్తాం. యంత్రాలను కంప్యూటర్లో త్రీడీగా గీసే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్ తీసుకుని ఆరేళ్లు దాటింది. చిన్న పనులకు వంక పెట్టేదేమీ లేదు. రెండు మూడు వేల పార్టులను కలిపి కూర్చిన ఫైలు, అంటే అసెంబ్లీ తెరిస్తేనే దాని తీరూ, మన అలవాట్లూ బయటపడతాయి.

మొదట్లో ఏ ఎర్రర్ వచ్చినా ర్యామ్‌ను తిట్టుకునేవాళ్లం. 16 జీబీ నుంచి 64కు పెంచాం. క్రాష్‌లు తగ్గాయి గానీ ఎర్రర్లు తగ్గలేదు.

ఓ వానాకాలం రాత్రి, పొద్దున్నే డ్రాయింగులు పంపాల్సిన కన్వేయర్ తెరిస్తే పక్కన పార్టుల జాబితా చూపే ట్రీ అంతా ఎరుపు. పార్టులను ఒకదానికొకటి జతచేసే మేట్లు నలభైకి పైగా తెగిపోయాయి. పక్క సీటు కుర్రాడు "నేను ముట్టుకోలేదన్నా" అని ముందే చేతులెత్తేశాడు. నిజంగానే వాడు ముట్టుకోలేదు. నేనే వెనకాల ఇంకో పని ఫైలు తెరిచి వదిలేశాను. అందులోనూ 'ఫ్లాంజ్' అనే పార్టు ఉంది, ఇందులోనూ ఉంది. ఒకటి 150 పైపుది, ఇంకోటి 200ది. ఫోల్డర్లు వేరు కదా అనుకుంటాం. కానీ పార్టు కోసం వెతికేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ముందు అప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లనే చూస్తుంది, పేరు కలిస్తే దాన్నే తెచ్చి కూర్చోబెడుతుంది. కంగారులో సేవ్ కొట్టి ఉంటే ఆ తప్పు లింకే ఖాయమైపోయేది. ఆ రాత్రి నుంచి మా దగ్గర ప్రతి పార్టు పేరుకూ ముందు జాబ్ నంబరు ఉండాల్సిందే. ఉత్త 'ఫ్లాంజ్', 'బ్రాకెట్' అని పెడితే టీ ఖర్చు వాళ్లదే.

బోల్టుల కథ ఇంకోటి. విశాఖ నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చిన అసెంబ్లీ తెరిస్తే ఎం12 బోల్టులు రోకళ్లంత లావై ప్లేట్లను పొడుచుకుని బయటికొచ్చాయి. చూసి ముందు నవ్వుకున్నాం, తర్వాత టెన్షన్. టూల్‌బాక్స్ అంటే ఇందులో రెడీమేడ్ బోల్టులు, నట్ల లైబ్రరీ. అందులోంచి తీసిన బోల్టు సైజు పంపినవాళ్ల లైబ్రరీలో ఉంటుంది. ఆ సైజు మన లైబ్రరీలో లేకపోతే ఏదో పెద్ద సైజుకు మారిపోతుంది. అసెంబ్లీకి కావాల్సిన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే ప్యాక్ అండ్ గోలో టూల్‌బాక్స్ పార్టులను కూడా కలిపే టిక్కు పెట్టి పంపమని అడిగాం, సరిపోయింది. మా నాలుగు కంప్యూటర్లకూ ఇప్పుడు ఒకటే టూల్‌బాక్స్ ఫోల్డరు.

లోడయ్యే టైము విషయానికొస్తే, పార్టుల వివరాలు కొంతవరకే లోడ్ చేసే లైట్‌వెయిట్ మోడ్ రోజూ వాడతాం. ఊరికే తిప్పి చూడటానికి, కొలతలు తీసుకోవడానికి లార్జ్ డిజైన్ రివ్యూ అనే మోడ్ చాలు. అన్నిటికన్నా పనికొచ్చింది, ఏ పార్టు ఎంత సమయం తింటోందో చూపే పెర్ఫార్మెన్స్ ఎవాల్యుయేషన్. అది చూపిస్తే గానీ తెలియలేదు, ఎక్కడినుంచో దింపుకున్న గేర్‌బాక్స్ మోడల్ ఒక్కటే మా సమయమంతా తినేస్తోందని. లోపల పళ్లు, మరలతో సహా ఉంది మరి! మాకు కావాల్సింది బయటి తొడుగు, షాఫ్టు, కాళ్ల రంధ్రాలు. అంతవరకే ఉంచి ఒకే పార్టుగా సేవ్ చేశాం. ఇరవై నిమిషాల లోడింగ్ ఐదుకు వచ్చింది. ఫైళ్లు నెట్‌వర్క్ మీద కాకుండా సొంత డిస్కులోకి తెచ్చుకుని తెరవడం కూడా కలిసొచ్చింది.

ఫోల్డర్ లోపల ఫోల్డరు, దానిలో 'ఫైనల్', దానిలో 'కొత్త ఫైనల్' పెట్టుకుంటూ పోతే ఫైలు దారి 260 అక్షరాలు దాటి అక్కడా ఇబ్బందే. కొత్త వెర్షన్ ఫైలు పాతదానిలో తెరుచుకోకపోవడం పాత బాధే, 2024 నుంచి రెండు వెర్షన్లు వెనక్కి సేవ్ చేసే వీలుంది.

నాకు ఇప్పటికీ భయం 'ఫైలు దొరకలేదు, మీరే వెతుకుతారా' అనే ప్రశ్నంటేనే. తొందరలో వద్దని నొక్కేస్తే ఆ పార్టు సప్రెస్ అయిపోతుంది, అంటే అసెంబ్లీలో లేనట్టే, బరువు లెక్కలోంచి కూడా తప్పుకుంటుంది. పోయినేడాది ఓ హాపర్ లైనర్ ప్లేట్లు అలాగే పోయాయి, మొత్తం బరువు చూసి నేనే కొటేషన్ వేసేశాను. ఆ స్టీలు డబ్బు మా జేబులోంచే కట్టాం.