నాలుగేళ్లుగా మా తాబేలు తొట్టి మీద వెలుగుతున్న లైట్లు

మా రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు తొట్టి మీద టీ5 యూవీబీ ట్యూబ్ (ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలనిచ్చే సన్నటి ట్యూబ్‌లైటు), పక్కనే వేడికి మామూలు హాలోజన్ బల్బు పెట్టి నాలుగేళ్లయింది. అంతకుముందు చుట్ట తిరిగిన చిన్న యూవీబీ బల్బు వాడాను, అదీ అద్దం మూత పైన పెట్టి. వెలుగు బాగానే పడుతోంది కదా అని అనుమానమే రాలేదు. ఏడాది తిరక్కుండానే డిప్ప అంచులు మెత్తబడ్డాయి. డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: "లైటుకీ తాబేలుకీ మధ్య ఏముంది?" అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఆ కిరణాలు ఒంటి మీద పడకపోతే డి3 విటమిన్ తయారవదు, పెట్టిన కాల్షియం ఒంటికి పట్టదు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ట్యూబ్‌కీ ఎండ కాచుకునే దిమ్మకీ మధ్య గాలి తప్ప ఏమీ లేదు, దూరం 30 సెంటీమీటర్లు. ఈ ట్యూబ్‌తో ఉన్న చిక్కల్లా యూవీబీ తగ్గిపోయినా వెలుగు అలాగే ఉండటం. అందుకే బిగించిన తేదీ దాని చివర మార్కర్‌తో రాసి, ఏడాదికోసారి మార్చేస్తాను. బాగా వెలుగుతున్నదాన్ని తీసెయ్యాలంటే మనసొప్పదు, కానీ తీసెయ్యాల్సిందే.

హాలోజన్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. దిమ్మ మీద 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. తొట్టి గోడకు అంటించిన థర్మామీటరు ఆ సంగతి చెప్పదు, తాబేలు పడుకునే చోటే కొలవాలి. ఒకసారి అది నీళ్లలోకి దూకినప్పుడు చిందిన నీటికి వేడి బల్బు పగిలింది. అప్పటి నుంచి బల్బు కాస్త ఎత్తులో, పింగాణీ హోల్డర్‌లో, గొలుసుతో కట్టి ఉంది. క్లిప్పును మాత్రమే నమ్మొద్దు, జారి పడితే ఇల్లు అంటుకుంటుంది.

రెండూ టైమరు మీద పన్నెండు గంటలు వెలుగుతాయి. రాత్రి వెచ్చదనానికని ఎర్ర బల్బు పెట్టి చూశాను, తాబేలు సరిగా నిద్రపోలేదు, తీసేశాను. నీళ్లలో హీటరు 25 డిగ్రీల దగ్గర ఉంచితే చాలింది.

డిప్ప గట్టిపడటానికి నెలలు పట్టింది. కొత్తగా పెంచేవాళ్ల దగ్గర డబ్బు తక్కువుంటే మంచి యూవీబీ ట్యూబ్ మీదే పెట్టండి. వేడికి మామూలు హాలోజన్ సరిపోతుంది.