నిండు గోదామా, చురుకైన సరఫరానా: సైన్యానికి ఏది మేలు?

సప్లయ్ చైన్ గురించి కంపెనీల్లో ఎవరిని అడిగినా ముందు స్టాకు తగ్గించమనే చెబుతారు. గోదాములో పడి ఉన్న ప్రతి పెట్టెలోనూ డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది మరి. కార్ల కంపెనీ టయోటాలో తాయిచి ఓనో అనే ఇంజనీరు పట్టుబట్టి నిలబెట్టిన జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి సారం ఇదే. కావలసిన భాగం, కావలసినంత, కావలసిన వేళకే రావాలి. సైన్యాలది మొదట్నుంచీ వేరే దారి. ఎందుకైనా మంచిదని ముందే గుట్టలు పోసి పెట్టుకుంటాయి. ఈ రెంటిలో యుద్ధానికి ఏది నయం?

గుట్టలు పోస్తే ఏమవుతుందో 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికాకు తెలిసొచ్చింది. దాదాపు 40,000 కంటెయినర్లు అక్కడికి చేరాయి. ఏ పెట్టెలో ఏముందో సరైన వివరం లేక సగానికి పైగా తెరిచి చూడాల్సి వచ్చింది. అడిగింది వస్తుందో రాదో నమ్మకం లేని యూనిట్లు అదే ఆర్డరు మళ్లీ మళ్లీ పెట్టాయి. దాంతో గుట్ట ఇంకాస్త పెరిగింది. వీటికి ఇనుప కొండలని పేరు కూడా పడింది. సరుకైతే బోలెడు ఉంది, కావలసినవాడి చేతికి మాత్రం అందదు.

ఆ అనుభవంతో 2003లో ఇరాక్‌కు అమెరికా సైన్యం తేలికపాటి ఏర్పాట్లతో వెళ్లింది. కంటెయినర్లు ఎక్కడున్నాయో తెలిసేలా రేడియో ట్యాగులు కట్టింది. ఈసారి కొరత వచ్చిపడింది. టైర్లు, ట్యాంకుల ట్రాక్ భాగాలు, రేడియోల్లో వేసే లిథియం బ్యాటరీలు చాల్లేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ కారణాలు వెతికింది. అవసరాల అంచనా తప్పింది, నిల్వలకు నిధులు తగినంత ఇవ్వలేదు, వచ్చిన సరుకును ముందు వరసకు చేర్చే రవాణా సరిపోలేదు. ట్యాగుల వాడకం కూడా అంతటా ఒకేలా లేదు. తక్కువ స్టాకుతో నడవాలంటే రోడ్డు తెరిచి ఉండాలి, కబురు నిజమై ఉండాలి. వ్యాపారంలో ఈ రెండూ చాలావరకు ఉంటాయి. యుద్ధంలో శత్రువు మొదట కొట్టేది వీటినే.

అయితే జస్ట్ ఇన్ టైమ్‌ను తిట్టేవాళ్లు టయోటా చేసిన ఇంకో పనిని మర్చిపోతుంటారు. జపాన్‌లో 2011 భూకంపం తర్వాత చిప్పుల్లాంటి కొన్ని భాగాలను నెలల తరబడి సరిపోయేంత నిల్వ ఉంచుకోమని సప్లయర్లకు చెప్పింది ఆ కంపెనీయే. అన్నిటికీ కాదు, ఆర్డరు పెట్టాక చేతికి రావడానికి బాగా ఆలస్యమయ్యేవాటికి. 1997లో బ్రేకు వాల్వులు చేసే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడితే టయోటా లైన్లు ఆగిపోయాయి. కానీ మిగతా సప్లయర్లు తమ యంత్రాల మీదే ఆ వాల్వులు చేసి ఇవ్వడంతో రోజుల్లోనే మళ్లీ కదిలాయి. వాల్వును ఇంకొకరు చేయగలిగారు. చిప్పు సంగతి అలా కాదు. కాబట్టి ఏ వస్తువునైనా అడగాల్సింది ‘ఎంత ఖరీదు’ అని కాదు, ‘అయిపోతే మళ్లీ ఎన్నాళ్లకు వస్తుంది’ అని.

ఈ కొలతతో ఫిరంగి గుండును చూడండి. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పుడు అమెరికాలో 155 ఎంఎం గుండ్ల ఉత్పత్తి నెలకు సుమారు 14,000. ఉక్రెయిన్ ఫిరంగులు ఒక్క రోజులోనే వేల గుండ్లు పేల్చేవి. నెలకు లక్ష చేయాలని అమెరికా లక్ష్యం పెట్టుకున్నా, దానివైపు నడవడానికే ఏళ్లు పడుతోంది. ఏడాదిలో 10 లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో మాటిచ్చిన యూరోపియన్ యూనియన్ గడువుకు ఇవ్వలేకపోయింది. డబ్బుతో తీరే ఇబ్బంది కాదిది. ఉక్కును గుండుగా మలిచే ఫోర్జింగ్ ప్రెస్సులు, లోపలి పేలుడు మందు, గుండును ఎగరగొట్టే మందు, వీటన్నిటికీ ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. భుజం మీద నుంచి విమానాలపైకి వదిలే స్టింగర్ క్షిపణి పరిస్థితి అప్పట్లో ఇంకా ఘోరం. 2022 నాటికే అందులోని కొన్ని ఎలక్ట్రానిక్ భాగాల తయారీ ఆగిపోయింది, కొంత డిజైన్ మార్చుకుంటే తప్ప కొత్తవి చేయలేని స్థితి వచ్చింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

అలాగని నిండు గోదామే గెలిచిందనుకోవద్దు. పెద్ద గోదాము శత్రువుకు పెద్ద గురి. 2022 వేసవిలో ఉక్రెయిన్ ట్రక్కు మీద నుంచి వదిలే అమెరికా హైమార్స్ రాకెట్లతో రష్యా మందుగుండు డిపోలను వరసగా కొట్టింది. రష్యా వాటిని వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది, అంటే ట్రక్కులు తిరగాల్సిన దూరం పెరిగింది. 2024 సెప్టెంబరులో సరిహద్దుకు వందల కిలోమీటర్ల అవతల, రష్యా లోపలున్న తోరొపెత్స్ డిపో డ్రోన్ దాడితో పేలిపోయింది. దాచిన క్షిపణికి వయసు కూడా మీద పడుతుంది. లోపలి బ్యాటరీలు, ఇంధనం పాడవుతాయి.

నా లెక్క ఇలా ఉంటుంది. తిండి, బట్టలు, మామూలు ట్రక్కుల స్పేర్ పార్టులు బయటి మార్కెట్లో దొరికేవే. వీటికి కాంట్రాక్టులు, కొద్దిపాటి బఫర్ స్టాకు చాలు. సైన్యం సొంతంగా గుట్టలు పెట్టుకుంటే దుబారానే. మంచుతో దారులు మూసుకుపోయే లద్దాఖ్ లాంటి చోట మాత్రం వాదనే లేదు, ముందే చేర్చుకోవాలి. గుండ్లు, క్షిపణులు, ఇంజిన్ల విషయంలో నిల్వ వైపే మొగ్గుతాను, అదీ ఒక్కచోట కాకుండా చిన్న చిన్న డిపోలుగా చెదరగొట్టి.

ఎంత నిల్వ అన్నదే అసలు పేచీ. ఉదాహరణకు మూడు నెలలకు సరిపడా గుండ్లు ఉన్నాయనుకుందాం, ఫ్యాక్టరీ పూర్తి వేగం అందుకోవడానికి రెండేళ్లు పడుతుందనుకుందాం. మధ్యలో 21 నెలల కంత ఉంది. దాన్ని గోదాములతోనే పూడ్చాలంటే ఏ దేశపు బడ్జెట్టూ తట్టుకోదు. అందుకే మూడో దారి కూడా తూకంలో పెట్టాలి. శాంతికాలంలోనూ ఏటా కొంత ఆర్డరు ఇచ్చి లైను ఆగకుండా చూడటం, అదనపు ప్రెస్సులు కొని ఖాళీగానైనా ఉంచడం. ఆడిట్ కాగితాల మీద ఇది దండగ ఖర్చుగా కనిపిస్తుంది కాబట్టి కోత పడేది ముందు దీనికే. మొదటి కొన్ని నెలల నిల్వ చేతిలో ఉంటే, మిగిలిన డబ్బుతో ఇంకో డిపో కట్టేకంటే ఆ ప్రెస్సులే కొనమంటాను.