ఊదా, గులాబీ కొవ్వొత్తులకు యూవీ పొడి: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

ఇంట్లో కొవ్వొత్తులు పోసి అమ్మేవాళ్లకు ఊదా, గులాబీ రంగులతో ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. గుంటూరులో మాకు తెలిసిన క్యాథలిక్ కుటుంబాలకు ఏటా ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) కొవ్వొత్తులు చేసిస్తాను. సెట్టులో మూడు ఊదావి, ఒకటి గులాబీది. ఆ గులాబీది మూడో ఆదివారం వెలిగిస్తారు. ఆర్డర్లన్నీ అందించాలంటే దసరా నాటికే పోత మొదలవ్వాలి. తీరా నవంబరు చివర్లో సెట్లు కడదామని చూస్తే, కిటికీ వైపున్నవి వెలిసిపోయి ఉండేవి. ఊదాలోని ఎరుపు ముందు పోయి బూడిద తేలిన నీలం మిగిలేది. అప్పుడు మొదలుపెట్టిన యూవీ ఇన్హిబిటర్‌ను, అంటే అతినీలలోహిత (యూవీ) కిరణాల నుంచి రంగును కాపాడే పొడిని, ఇప్పటికీ మానలేదు.

నేను వాడేది యూవీ-531 పేరుతో దొరికే లేత పసుపు పొడి. బెంజోఫినోన్ అనే రసాయనాల రకం. సన్‌స్క్రీన్ లోషన్లలో వేసే ఆక్సీబెంజోన్ కూడా ఈ కుటుంబానిదే. రంగు మీద పడాల్సిన అతినీలలోహిత కిరణాలను ఇది తాను పీల్చుకుని వేడిగా వదిలేస్తుంది. కిటికీ అద్దం ఉందిగా, ఎండ లోపలికి రాదుగా అనుకోవద్దు. మామూలు అద్దం ఈ కిరణాల్లో యూవీ-బీ రకాన్ని చాలావరకు ఆపుతుంది కానీ యూవీ-ఏ రకాన్ని బాగానే రానిస్తుంది. ట్యూబ్‌లైటు కింద నెలల తరబడి ఉన్నా రంగు తగ్గుతుంది.

వాడకం సులువు. ఈ పొడి 50 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి పారాఫిన్ మైనం పూర్తిగా కరిగి 75, 80 డిగ్రీలకు వచ్చాక వేసి కలిపితే ఇట్టే కలిసిపోతుంది. ఆ తర్వాతే రంగు, చివర్లో సెంటు. కిలో మైనానికి 3 నుంచి 5 గ్రాములు చాలు. చెంచా లెక్క నమ్మకండి, బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. అంతకు మించి వేసినప్పుడు నాకు అదనంగా ఒరిగిందేమీ లేదు. కిలోకు పడే ఖర్చు కొద్ది రూపాయలే.

పని చేస్తుందా లేదా అన్నది ఎవరైనా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నేను ఒకే గిన్నెలో కలిపిన ఊదా మైనాన్ని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లోనే పొడి వేసి, రెండు కొవ్వొత్తులు పోశాను. రెండింటికీ సగం వరకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి తూర్పు బాల్కనీలో పెట్టాను. కొన్ని వారాల తర్వాత ఫాయిల్ విప్పితే, పొడి లేనిదాని నడుముకు గీత గీసినట్టు తేడా కనిపించింది. కింద ముదురు ఊదా, పైన పాత గుడ్డ రంగు. పొడి వేసినదానికీ గీత పడింది కానీ వెలుతురుకు తిప్పి చూస్తేనే తెలిసేంత పల్చగా ఉంది. వెలిసినదాన్ని చాకుతో కాస్త గీకితే లోపల అసలు రంగు నిగనిగలాడుతూ బయటపడింది. ఈ మైనపు కొవ్వొత్తుల్లో నష్టమంతా పైపొరకే.

కాబట్టి ఇది వెలవడాన్ని బాగా నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. మామూలు వెలుతురు కూడా రంగును కొంత తింటుంది, దాన్ని ఈ పొడి అడ్డుకోలేదు. నేరుగా ఎండలో పెట్టి పొడి మీద భారం వేస్తే కుదరదు. పోసినవన్నీ ఇప్పటికీ అట్టపెట్టెలోనే దాస్తాను.

కొత్తగా చేసేవాళ్లు ఈ పొడిని ఎక్కువగా నిందించేది రెండు విషయాల్లో. రెండూ దీని తప్పు కాదు. మొదటిది వెనీలా సెంటు. అందులోని వెనిలిన్ వల్ల కొవ్వొత్తి మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది, చీకట్లో దాచినా తిరుగుతుంది. గులాబీ కొవ్వొత్తిలో వెనీలా వేయకపోవడమే మందు. రెండోది సోయా వ్యాక్స్ మీద వచ్చే తెల్లటి పొర. అది రంగు పోవడం కాదు, మైనం స్ఫటికాలు కట్టడం. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే పొర కరిగి కింద రంగు కనిపిస్తుంది. స్టియరిక్ యాసిడ్ వేస్తే రంగు నిలుస్తుందని కూడా అంటారు. దాన్ని నేనూ వేస్తాను కానీ గట్టిదనం కోసం, అచ్చు నుంచి సులువుగా ఊడిరావడం కోసం. వెలవడం విషయంలో అది ఈ పొడికి సాటి రాలేదు.

తెల్ల కొవ్వొత్తుల్లో మాత్రం ఈ పొడి వేయను, లేత మీగడ ఛాయ వస్తుంది. తేనెమైనానికీ వేయను. దాని పసుపు ఎండకు పోయే మాట నిజమే. పూర్వం తెల్ల మైనం కావాలంటే పల్చటి రేకులుగా చేసి ఎండలో ఆరబెట్టేవారు. కానీ నా దగ్గర తేనెమైనపు కొవ్వొత్తులు కొనేవాళ్లు అందులో ఏమీ కలపొద్దనే అడుగుతారు.

రంగు పోకూడదని పిగ్మెంటు గానీ పిల్లల క్రేయాన్లు గానీ కరిగించి పోసేవాళ్లకు ఒక మాట. పిగ్మెంటు అంత తేలిగ్గా వెలవదు, నిజమే. కానీ దాని రేణువులు మైనంలో కరగవు, వత్తిలో అడ్డుపడి మంట చిన్నదైపోతుంది. అంతగా కావాలంటే లోపల డై (మైనంలో కరిగే రంగు) వేసిన మైనం పోసి, పైన ఒక్క పొర మాత్రం పిగ్మెంటు మైనంలో ముంచి తీయండి. ఆగమన కాలపు సెట్లకు నాకు ఆ అవసరం ఇంతవరకు రాలేదు, డై, యూవీ పొడితోనే క్రిస్మస్ దాకా రంగు నిలుస్తోంది.