తిరుపతిలో కొయ్య శిల్పాల పోటీ: బొమ్మను వెనకనుంచి చూడాలి

తిరుపతి వెళ్తున్నామంటే ఎవరైనా మొదట అడిగేది "దర్శనం టికెట్ దొరికిందా?" అనే. ఈసారి ఆ టెన్షన్ లేదు. కొయ్య శిల్పుల పోటీ జరుగుతోందని, గెలిచిన శిల్పాలను జనం చూడ్డానికి పెడుతున్నారని బావ ఫోన్ చేశాడు. బావది నెల్లూరులో వడ్రంగం పని. "నేను తలుపులు చెక్కేవాణ్ణి, వాళ్లు దేవుణ్ణి చెక్కేవాళ్లు. చూద్దాం రా" అన్నాడు. శని, ఆదివారాలు కలిసొచ్చాయి కాబట్టి బయల్దేరాం.

ముందు బస సంగతి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, ఆర్టీసీ బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం ఉన్నాయి. రెండూ దేవస్థానం వసతి గృహాలే, అద్దె తక్కువ, శుభ్రంగా ఉంటాయి. కానీ సర్వదర్శనం టోకెన్లు కూడా అక్కడే ఇస్తారు కాబట్టి శనివారం గది దొరుకుతుందని నమ్ముకుని వెళ్లకండి. మాకు దొరకలేదు. బస్టాండ్ వెనక వీధిలో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఫోన్‌లో ఇరవై నాలుగు గంటల చెకౌట్ అన్న మనిషి, తీరా దిగాక పొద్దున ఎనిమిదికే ఖాళీ చేయమన్నాడు. వేడినీళ్లు ఐదు నుంచి ఆరు వరకే. గది మాత్రం పెద్దది, ఫ్యాన్ బాగా తిరిగింది. తిరుపతిలో గది తీసుకునేటప్పుడు చెకౌట్ లెక్క రసీదు మీద రాయించుకోవడం మంచిది. ఇక్కడ చాలా గొడవలు దాని దగ్గరే మొదలవుతాయి.

ప్రదర్శన ఒక కల్యాణ మండపంలో. ప్రవేశం ఉచితం. పది గంటలకే వెళ్లాం కాబట్టి ప్రశాంతంగా చూడగలిగాం. పదకొండు దాటాక బడిపిల్లల బస్సులు వచ్చాయి, ఇక సెల్ఫీల సంత. ఏర్పాట్లలో నాకు నచ్చనిది ఒకటే: శిల్పాలన్నీ గోడకు ఆనించి వరసగా పెట్టేశారు. పైనుంచి ట్యూబులైట్ల తెల్లటి వెలుగు. చెక్కడానికి ప్రాణం నీడ. పక్కనుంచి ఒక్క దీపం పడితే చాలు, కనురెప్ప కింద గీత కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఆ నీడే లేదు. పైగా వెనక భాగం ఎవరికీ కనబడదు.

బావ ఊరుకోలేదు. కాపలాగా ఉన్న కుర్రాణ్ణి "తమ్ముడూ, ఒకసారి తిప్పి చూపిస్తావా" అని బతిమాలాడు. వాడు అటూ ఇటూ చూసి, మొదటి బహుమతి పీఠాన్ని కాస్త తిప్పాడు. అప్పుడు అర్థమైంది దానికి బహుమతి ఎందుకొచ్చిందో.

అది కాళీయమర్దనం. టేకు, ఒకే దిమ్మ, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. కృష్ణుడి కుడి చెయ్యి అభయం, ఎడమ చేతిలో పాము తోక. ముందునుంచి చూస్తే అందరూ చెక్కే కాళీయమర్దనమే. వెనకనుంచి చూస్తే ఆ తోక కృష్ణుడి ఒంటికి ఎక్కడా తగలకుండా, మధ్యలో వేలు దూరేంత ఖాళీతో పైకి లేచింది. చిటికెన వేలంత సన్నం. కొయ్యలో ఇలాంటి సన్నని భాగానికి నార అడ్డంగా పడితే పుటుక్కున విరుగుతుంది. తోక నిలువుగా, నార వెంటే నడిచేలా ఆ శిల్పి దిమ్మను ముందే అలా నిలబెట్టుకున్నాడు. అంటే మొదటి ఉలి దెబ్బ వేయకముందే తోక ఎక్కడ పోవాలో తేలిపోయింది. కృష్ణుడి నడుము వెనక మొలతాడు ముడి కూడా ఉంది, కొసలు రెండూ విడివిడిగా. గోడ వైపు ఉండే ముడిని అంత శ్రద్ధగా చెక్కిన మనిషికి దండం పెట్టాలనిపించింది.

అయినా నన్ను అడిగితే మొదటి బహుమతి రెండోదానికి ఇచ్చేవాణ్ణి. రాగి సంగటి కెలుకుతున్న అవ్వ. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులా తెడ్డు పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుంది. పొగ కళ్లలోకి పోకుండా మన అవ్వలు తిప్పుకునేది అట్లాగే. చెక్కింది పనస కొయ్యలో, వీణలు చేసే కొయ్య. కోసినప్పుడు పసుపుగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మోచేతి దగ్గర కొయ్యలోని చారలే చర్మం ముడతలుగా వచ్చేలా వాలు చూసుకుని చెక్కాడు. అక్కడ ఉలి గీత ఒక్కటీ లేదు. సాండ్ పేపర్ కూడా మొహం మీదే పట్టాడు, చీర కుచ్చిళ్ల మీద ఉలి గాట్లు అలాగే వదిలేశాడు. అందుకే చీర నేత చీరలా గరుకుగా ఉంది. చిత్తూరు వైపు వాళ్లు దీని ముందు ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకాయన "మా అవ్వే సామీ" అని భార్యకు చూపిస్తున్నాడు. న్యాయనిర్ణేతలకు దేవతా మూర్తుల మీద మొగ్గు ఉండటం ఈ ఊళ్లో సహజమే, కానీ ఈ అవ్వను రెండోస్థానంలో పెట్టడం నాకు మింగుడుపడలేదు.

మూడోది అరచేతిలో పట్టే మరపాచి జంట. ఎర్రచందనం. తిరుపతి కొండ కింద కొట్లలో తరాలుగా అమ్మే ఆలుమగల బొమ్మలే, పెళ్లిళ్లలో ఇచ్చేవి, కొలువులో పెట్టేవి. ఎర్రచందనం మానులో లోపలి చేవే ఎర్రగా ఉంటుంది, బయటి పొర తెల్లన. మామూలుగా ఆ తెల్లపొరను చెక్కేసి పారేస్తారు. ఈ శిల్పి దాన్ని ఉంచి, మగబొమ్మ మీద ఉత్తరీయంగా మలిచాడు. రంగు వేయలేదు, అతికించలేదు. భుజం మీద ఎరుపు ఆగి తెలుపు మొదలయ్యే చోటు గీత గీసినట్టుంది.

ఇక్కడ కొనేవాళ్లకు ఒక మాట. ఎర్రచందనం శేషాచలం చుట్టుపక్కల కొండల చెట్టు, ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో సహజంగా పెరగదు. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లో, 1995 నుంచి రెండో అనుబంధంలో ఉంది, అంటే విదేశాలకు పంపాలంటే అనుమతి పత్రం ఉండాలి. చిన్న బొమ్మ అయినా సరే, బిల్లు ఇచ్చే కొట్లోనే కొనండి. రోడ్డు పక్కన ఎర్ర రంగు పూసిన ఏదో కొయ్యను చందనమని అంటగట్టేవాళ్లు ఉన్నారు. నిజమైన చేవ చేతికి బరువుగా ఉంటుంది, చాలా ముక్కలు నీళ్లలో మునిగిపోతాయి.

ప్రోత్సాహక బహుమతుల వరసలో ఒక శ్రీనివాసుడి విగ్రహం దగ్గర పెద్దాయన ఒకరు విద్యార్థులకు కొలతలు చెబుతున్నారు. మేమూ చెవి ఒగ్గాం. తాళమంటే మొహం పొడవంత కొలత. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళం, అంటే విగ్రహం ఎత్తును 124 అంగుళాలుగా పంచుకోవాలి. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారేది. వినాయకుడికైతే పంచతాళమే, అందుకే ఆయన పొట్టిగా, ముద్దుగా కనిపిస్తాడు. ఆ పిల్లలు అలిపిరి దారిలో దేవస్థానం నడిపే శిల్ప శిక్షణ సంస్థ వాళ్లు. అక్కడ రాతి, లోహ శిల్పాలతో పాటు కొయ్య చెక్కడం కూడా నేర్పుతారు.

పోటీ నిబంధనల్లో యంత్రం వాడకూడదని ఉంది. ఎలా కనిపెడతారని బావను అడిగితే నవ్వాడు. ఇప్పుడు మార్కెట్లో వచ్చే చాలా పూజ మందిరం పలకలు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద కోసినవే. మామూలు మిషన్ బిట్, అంటే తొలిచే మొన, పైనుంచి కిందికే దిగుతుంది, కాబట్టి పువ్వు రేకు కింద, చెవి వెనక తొలవలేదు. అక్కడ వేలు పెట్టి చూస్తే గోడలా నిటారుగా తగులుతుంది. చేత్తో చెక్కినదైతే లోపలికి ఒంపు ఉంటుంది. మండపం బయట స్టాళ్లలో ఇదే పరీక్ష పెట్టాం. 'చేతిపని' అని బోర్డు పెట్టిన చోట కూడా రెండు దశావతారం పలకలు ఒకే అచ్చులో పోసినట్టు కనిపించాయి. చవకగా కావాలంటే అవి కొనడంలో తప్పు లేదు, చేతిపని ధర ఇవ్వకండి, అంతే.

మర్నాడు మాధవమాల. ఏర్పేడు మండలంలోని ఈ ఊరు కొయ్య శిల్పాలకే పేరు. శ్రీకాళహస్తి బస్సెక్కి ఏర్పేడులో దిగి, ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగినందుకు కలిపి బేరం ముందే చేసుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరకదు. జిల్లా పేరు చూసి తికమకపడొద్దు: 2022 ఏప్రిల్‌కి ముందు ఇదంతా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఊళ్లో ఇళ్ల ముందే దిమ్మలు, అరుగుల మీదే ఉలి చప్పుడు. ప్రదర్శనలో దూరంనుంచి చూసినవాటిని ఇక్కడ పట్టుకుని, తిప్పి చూడొచ్చు. సగం చెక్కిన విగ్రహాలే నాకు ఎక్కువ నచ్చాయి. మొహం నునుపు తేలి, కాళ్లు ఇంకా దిమ్మలోనే ఉన్న అమ్మవారు ఒకావిడ మధ్యాహ్నమంతా నా కళ్లలో మెదిలింది. తిరుపతి కొట్లతో పోలిస్తే ధర తక్కువే చెప్పారు, కానీ కార్డు తీసుకోరు, ప్యాకింగ్ మనదే. టైమ్ లేనివాళ్లకు తిరుపతిలో లేపాక్షి షోరూం ఉంది. ధర ఎక్కువ, బేరం లేదు, కానీ బిల్లు, ప్యాకింగ్ పక్కా.

తిండి సంగతి: బస్టాండ్ దగ్గర టిఫిన్లు ఫర్వాలేదు. ఏర్పేడులో చిన్న మెస్సులో సంగటి, చెనక్కాయల ఊరుబిండి తిన్నాం, ముందురోజు అవ్వ బొమ్మ గుర్తొచ్చి బావ ఇంకో ముద్ద వేయించుకున్నాడు.

మాధవమాలలో బావ ఒక గరుత్మంతుడికి ఆర్డర్ ఇచ్చాడు. టేకు, అడుగున్నర. సగం అడ్వాన్స్, దసరాలోపు ఇస్తామన్నారు. "వెనక రెక్కలు కూడా చెక్కాలి అన్నా" అని బావ అంటే, చెక్కే ఆయన తల ఎత్తకుండానే, "వెనక చెక్కకుంటే అది గరుత్మంతుడు ఎట్లయితాడు సామీ, పలక అయితాది" అన్నాడు. రెక్కలకని ధర ఏమీ పెంచలేదు.