పని మానేసి అమీర్‌పేట పోవాలా, ఇంటి దగ్గరే నేర్చుకోవాలా?

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేసే మా పిన్ని కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. వయసు 26, చదివింది ఇంటర్, జీతం 18 వేలు. "అన్నా, పని మానేసి హైదరాబాద్ అమీర్‌పేట పోయి సాఫ్ట్‌వేర్ కోర్సు చేద్దామనుకుంటున్నా, ఏమంటావు?" అన్నాడు. నేనూ డిగ్రీ మధ్యలో వదిలేసి, నెల్లూరులో ఒక రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తూ ఈ ఫీల్డ్‌లోకి వచ్చినవాణ్ణే. గంటసేపు మాట్లాడుకున్నాం. వాడిలాంటివాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆ మాటలే ఇక్కడ రాస్తున్నా.

అమీర్‌పేటలో మంచి లేకపోలేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా జావా, పైథాన్ బోర్డులే. తెలుగులో చెప్తారు, అర్థం కాకపోతే అక్కడికక్కడే అడగొచ్చు. పక్కన కూర్చున్నవాడు రాత్రీపగలూ చదువుతుంటే మనకూ పట్టుదల వస్తుంది. నేను నాలుగు నెలలు ఉన్నాను. హాస్టల్‌కి, తిండికి, ఫీజుకి దాచుకున్నదంతా అయిపోయింది. జీతం లేనప్పుడు ఒకటో తారీఖు వస్తుందంటేనే టెన్షన్. సరిగ్గా అప్పుడే ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలిస్తామన్నారు. నా రూమ్మేట్ తీసుకున్నాడు, ఉద్యోగమూ వచ్చింది. వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు చూసేసరికి దొరికిపోయాడు, రెండో నెలలోనే తీసేశారు. ఎవరెంత ధైర్యం చెప్పినా ఆ కాగితాల జోలికి మాత్రం వెళ్లొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను.

నిజంగా పని నేర్చుకున్నది నేను తిరిగి నెల్లూరు వచ్చాకే. పగలు షాపు, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కోడింగ్. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సు, కోడింగ్ నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్ రెండూ నెట్‌లో ఉచితమే. ఇంగ్లిష్ మొదట్లో ఇబ్బంది పెట్టింది, వీడియో ఆపి ఆపి వినేవాణ్ణి. కొన్నాళ్లకు షాపు కోసమే ఒక పేజీ రాశాను. రొయ్యల రేటు కౌంట్‌ను బట్టి కదా: కిలోకు 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. రైతులు రోజూ ఫోన్ చేసి అడిగే ఆ రేట్లను జావాస్క్రిప్ట్‌తో వరుసగా పెడదామనుకున్నా. తీరా చూస్తే 100 కౌంట్ అన్నిటికంటే పైన కూర్చుంది, దాని కింద 30, 40, 50. రెండు రాత్రులు తల పట్టుకున్నా. మనం విడిగా చెప్పకపోతే జావాస్క్రిప్ట్ సార్ట్ చేసేటప్పుడు, అంటే వరుసలో పెట్టేటప్పుడు, అంకెలను కూడా అక్షరాల్లాగే చూస్తుందని అప్పుడు తెలిసింది. 3 కంటే 1 ముందు కాబట్టి 100 ముందుకొచ్చేసింది. ఇంటర్వ్యూలో ఆ పేజీ చూపించి ఈ సంగతి చెప్తే, ఎదురుగా ఉన్నాయన పావుగంట దాని గురించే అడిగారు. డిగ్రీ మాట ఆ తర్వాతే వచ్చింది.

కాకపోతే ఇంటి దగ్గర అడగడానికి మనిషి ఉండడు. చిన్న తప్పు దగ్గరే వారం గడిచిపోతుంది. గుంటల్లో రొయ్యలు పట్టే రోజుల్లో ల్యాప్‌టాప్ తెరిచే ఓపిక కూడా ఉండదు. నాకు ఏడాదిన్నర పట్టింది. వాడికీ అంతే చెప్పాను, ఆరు నెలలని ఆశ పెట్టలేదు.

డిగ్రీ అసలు అక్కర్లేదా అంటే, నేను అలా అనను. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు డిగ్రీ అడుగుతాయి. నాకు ఉద్యోగం ఇచ్చింది పదిహేను మంది ఉన్న చిన్న కంపెనీ. అందుకే పని చేసుకుంటూనే డిగ్రీ కూడా మొదలుపెట్టమన్నాను. ఇగ్నో బీసీఏకి ఇంటర్ చాలు, కనీసం మూడేళ్లు పడుతుంది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే పరీక్ష పాసైతే సీటు. వయోపరిమితి లేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి. మా వాడు ఎంపీసీ, లెక్కలంటే భయం లేదు. కాబట్టి వాడికి ఇదే నయం. చెన్నై పక్కన జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే జోహో స్కూల్స్‌లో స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పిస్తారు గానీ, అది అప్పుడే ఇంటర్ ముగించిన పిల్లలకు. మీ ఇంట్లో ఆ వయసువాళ్లుంటే చెప్పండి.

బేసిక్స్ వచ్చి, ఆరేడు నెలల ఖర్చు చేతిలో ఉన్నాక కావాలంటే అమీర్‌పేట వెళ్లొచ్చు. మొదటి అడుగే అక్కడ వేయొద్దన్నాను.

వాడు అప్పటికే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసేశాడట. నిన్న రాత్రి క్యాన్సిల్ చేశానని మెసేజ్ పెట్టాడు. దాంతోపాటు ఒక ఫొటో: రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో రోజూ రాసుకునే నోట్‌బుక్ పేజీ, అంచున తడి మరక. "దీన్నే యాప్ చేద్దామా అన్నా?" అని అడిగాడు. ఆదివారం రమ్మన్నాను.